విరేచనాలు ఆగాయి సరే... పేగులు కోలుకున్నాయా?

2024 జులైలో పిడుగురాళ్లలో అతిసారం ప్రబలింది. లెనిన్‌ నగర్‌, మారుతీనగర్‌ ప్రాంతాల నుంచి వాంతులు, నీళ్ల విరేచనాలతో జనం ఆసుపత్రుల బాట పట్టారు. వైద్య శిబిరాలు పెట్టారు. పురపాలక శాఖ మంత్రి నారాయణ స్వయంగా వచ్చి చూసి వెళ్లారు. తాగే నీళ్ల మీద అందరికీ అనుమానం కలిగింది. కొన్నాళ్లకు కేసులు తగ్గాయి. వార్తలూ తగ్గాయి. ఊరు మళ్లీ తన పనిలో పడింది.

ఇది ఒక్క పిడుగురాళ్ల కథ కాదు. 2018 మార్చిలో గుంటూరులో ఇదే జరిగింది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోనూ ఇదే జరిగింది. ప్రతిసారీ మనం లెక్కపెట్టేది రెండే అంకెలు. ఎంతమంది ఆసుపత్రిలో చేరారు, ఎంతమంది ఇంటికి వెళ్లారు. ఇంటికి వెళ్లినవాళ్ల కడుపు ఆ తర్వాత ఎలా ఉందన్న లెక్క మాత్రం ఎవరూ రాసుకోరు.

ఆ లెక్క మీ ఇంట్లోనే ఉండొచ్చు. ఒకసారి గుర్తు చేసుకోండి. ఎప్పుడో వానాకాలంలో నాలుగు రోజులు గట్టిగా విరేచనాలయ్యాయి. తగ్గిపోయాయి కూడా. కానీ, ‘అప్పట్నుంచీ నా కడుపు మునుపటిలా లేదండీ’ అనే మనిషి దాదాపు ప్రతి వీధిలోనూ ఉంటాడు. పొద్దున్నే కాఫీ గొంతు దిగగానే బాత్‌రూమ్‌కి పరుగు. ఆఫీసుకు బయల్దేరేలోపు మూడుసార్లు. నరసరావుపేట దాకా బస్సెక్కాలన్నా బెదురు. రెండు ముద్దలు తింటే చాలు, పొట్ట డోలులా ఉబ్బిపోతుంది. పరీక్షలన్నీ చేయిస్తే ‘అంతా బాగానే ఉంది’ అని రిపోర్టు వస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా ‘అంతా నీ మనసులోనే ఉంది’ అనేస్తారు.

చాలాసార్లు అది మనసులో లేదు, పేగుల్లో ఉంది. అక్కడ కాపురముండే బ్యాక్టీరియా చెల్లాచెదురైపోయింది. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

కడుపులో ఒక ఊరు

బ్యాక్టీరియా అనగానే మనకు జబ్బే గుర్తొస్తుంది. కానీ ఒక సాధారణ మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్‌ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో లెక్కగట్టారు. మన సొంత కణాల సంఖ్య దాదాపు 30 లక్షల కోట్లు. అంటే సంఖ్యలో మనకంటే వాటిదే కాస్త పైచేయి. అన్నీ కలిపి తూస్తే బరువు 200 గ్రాములే. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది.

ఇవి ఊరికే కూర్చుని తినేవి కావు. మనం తిన్న కూరగాయల్లో, పప్పుల్లో, చిరుధాన్యాల్లో ఉండే పీచును మన పేగులు సొంతంగా అరిగించుకోలేవు. ఆ పని బ్యాక్టీరియా చేస్తుంది. పీచును పులియబెట్టి బ్యుటిరేట్‌ లాంటి ఆమ్లాలను తయారుచేస్తుంది. పెద్దపేగు గోడలోని కణాలకు ప్రధాన ఆహారం ఆ బ్యుటిరేటే. విటమిన్‌ కె, కొన్ని రకాల బి విటమిన్లు కూడా ఇవి తయారుచేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇవి చోటు ఖాళీ లేకుండా కూర్చోవటం. బయటి నుంచి హాని చేసే సూక్ష్మజీవి వచ్చినా దానికి తిండీ, చోటూ దొరకనివ్వవు. ఇంటి నిండా మనుషులుంటే దొంగ రావడానికి జంకినట్టే.

నీళ్ల విరేచనాలు పట్టుకున్నప్పుడు ఈ కాపురం కొట్టుకుపోతుంది. హాని చేసే క్రిమి ఒకపక్క, గంటగంటకూ కొట్టుకుపోయే నీళ్లు ఒకపక్క. పేగు లోపలి పొర వాస్తుంది. మేలు చేసే రకాలు తగ్గి, మామూలప్పుడు అణిగి ఉండే రకాలు విజృంభిస్తాయి. ఈ అసమతౌల్యమే ఉబ్బరానికీ, గ్యాస్‌కీ, మాటిమాటికీ మలవిసర్జనకీ ఒక కారణం. దీనికితోడు పేగు నరాలు కూడా కొన్నాళ్లపాటు అతిగా స్పందిస్తుంటాయి. మామూలు గాలి కదలిక కూడా నొప్పిలా తెలుస్తుంది.

జీర్ణకోశ ఇన్‌ఫెక్షన్‌ వచ్చి తగ్గిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఇలాంటి బాధ మిగులుతుందని అంచనా. వైద్యులు దీన్ని ఇన్‌ఫెక్షన్‌ తర్వాత వచ్చే ఐబీఎస్‌ అంటారు. పేగు కోపం అని మనం అనుకోవచ్చు.

వాకర్టన్‌ చెప్పిన పాఠం

ఊరికి ఊరే ఒకేసారి ఇలా జబ్బుపడితే ఏమవుతుంది? దీనికి సమాధానం కెనడాలోని ఒక చిన్న పట్టణంలో దొరికింది. ఒంటారియో రాష్ట్రంలోని వాకర్టన్‌లో 2000 మే నెలలో భారీ వర్షాలు కురిశాయి. పశువుల పేడ కలిసిన నీరు ఊరి తాగునీటి బావిలోకి చేరింది. క్లోరిన్‌ సరిగ్గా కలపలేదు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. ఏడుగురు చనిపోయారు.

అక్కడి వైద్యులు చేసిన మంచి పని ఏమిటంటే, జనం ఇళ్లకు వెళ్లాక కూడా వాళ్లను వదిలిపెట్టకపోవడం. ఎనిమిదేళ్లపాటు వెంట ఉండి కడుపు సంగతులు అడుగుతూ వచ్చారు. రెండు మూడేళ్ల తర్వాత చూస్తే, అప్పుడు జబ్బుపడ్డవారిలో నూటికి 28 మందికి ఐబీఎస్‌ లక్షణాలున్నాయి. ఎనిమిదేళ్లకు అది నూటికి 15కు తగ్గింది.

ఇందులో చేదూ ఉంది, తీపీ ఉంది. ఒక్కవారం తాగిన మురికి నీళ్లు ఎనిమిదేళ్లు వెంటాడగలవన్నది చేదు. చాలామంది కాలక్రమంలో కోలుకుంటారన్నది తీపి. మన ఊళ్లలో అతిసారం ప్రబలినప్పుడు ఇలా వెంట ఉండి చూసేవాళ్లు లేరు. కాబట్టి ఆ బాధ్యతలో కొంత ఇంట్లోనే తీసుకోవాలి.

మందుల షాపులో ఆ నాలుగు మాత్రలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇంట్లో ఒకరికి విరేచనాలు మొదలయ్యాయి. మీరేం చేస్తారు? చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. వీధి చివర మందుల షాపుకి వెళ్లి ‘మోషన్లు ఆగడానికి మాత్రలివ్వండి’ అంటారు. చీటీ అడగరు. నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారు. చాలాసార్లు అది ఓఫ్లాక్సాసిన్‌, ఆర్నిడజోల్‌ కలిసిన మాత్ర. ఒకటి బ్యాక్టీరియాను చంపేది, రెండోది అమీబా లాంటి పరాన్నజీవుల్నీ, మరికొన్ని బ్యాక్టీరియా రకాల్నీ చంపేది. రెండూ డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందులు. రెండు మాత్రలు వేసుకునేసరికి విరేచనాలు తగ్గుతాయి. మిగతా రెండూ డబ్బాలో పడతాయి, తర్వాతి వానాకాలానికి.

‘తగ్గాయిగా, మరి తప్పేంటి?’ అని మీరు అడగొచ్చు. మామూలు నీళ్ల విరేచనాల్లో చాలా భాగం వైరస్‌ల వల్లో, క్రిములు వదిలిన విషం వల్లో వస్తాయి. అవి కొన్ని రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. వైరస్‌ మీద యాంటీబయాటిక్‌ పనిచేయదు. మాత్ర వేసుకున్నా తగ్గేవే, వేసుకోకున్నా తగ్గేవే. పేరు మాత్రం మాత్రకు వచ్చింది. అసలే చెదిరిన పేగులోని మంచి బ్యాక్టీరియా మీద రెండో దెబ్బ పడింది.

ఈ సంగతి పల్నాడు, గుంటూరు, ప్రకాశం రైతులకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 1980ల నడుమ మన పత్తి చేలల్లో ఏం జరిగిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాయతొలిచే పురుగు మీద కొత్తగా వచ్చిన పైరెథ్రాయిడ్‌ మందుల్ని ఎడాపెడా కొట్టారు. పురుగుతోపాటు దాన్ని తినే మిత్రపురుగులూ చచ్చాయి. అక్షింతల పురుగులు పోయాయి, సాలీళ్లు పోయాయి. అడ్డూ ఆపూ లేకపోవడంతో తెల్లదోమ పేట్రేగింది. మందు కొట్టినకొద్దీ పెరిగింది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. చేను ఎలాగో పేగూ అలాగే. శత్రువును చంపామనుకున్న మందు కాపలాదారును కూడా చంపితే, తర్వాత వచ్చేవాడిని ఆపేవాళ్లుండరు.

పేగులో తెల్లదోమ లాంటిది ఒకటుంది. దాని పేరు క్లోస్ట్రిడియాయిడిస్‌ డిఫిసిల్‌. యాంటీబయాటిక్స్‌ వాడాక, చోటు ఖాళీ అయిన పెద్దపేగులో ఇది పెరిగిపోయి తీవ్రమైన విరేచనాలు తెస్తుంది. వయసు పైబడినవాళ్లలో, ఆసుపత్రిలో ఎక్కువ రోజులున్నవాళ్లలో ప్రమాదం ఎక్కువ. యాంటీబయాటిక్‌ కోర్సు నడుస్తుండగానో, అయిన కొన్ని వారాల్లోనో విరేచనాలు కొత్తగా మొదలైతే, ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మళ్లీ అదే మాత్ర కొనుక్కోకండి.

మరి పోయిన బ్యాక్టీరియా మళ్లీ రాదా? వస్తుంది, కానీ తీరిగ్గా వస్తుంది. డెన్మార్క్‌ పరిశోధకులు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నాలుగు రోజులపాటు మూడు బలమైన యాంటీబయాటిక్స్‌ ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. పేగు బ్యాక్టీరియా చాలావరకు నెలన్నరలో తిరిగి చేరుకుంది. కానీ మొదట్లో అందరిలోనూ ఉన్న తొమ్మిది రకాలు ఆర్నెల్ల తర్వాత కూడా చాలామందిలో కనిపించలేదు. అది జబ్బే లేని ఒంట్లో. ఏడాదికి మూడుసార్లు మాత్రలు మింగే ఒంటి సంగతి మీరే ఊహించుకోండి.

శత్రువు యాంటీబయాటిక్‌ కాదు

ఇంత చెప్పాక, డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను కూడా భయంతో పక్కన పెట్టేసేవాళ్లుంటారు. అది అంతకంటే పెద్ద తప్పు. ఈ విషయం మన తెలుగువాడి జీవితం చెప్పినంత చక్కగా మరేదీ చెప్పలేదు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు యువకుడిగా ఉన్నప్పుడు ఆయన సోదరుణ్ని స్ప్రూ అనే పేగు జబ్బు తీసుకుపోయింది. తర్వాత తానూ అదే జబ్బున పడ్డారు. ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారు. ఆ తర్వాతే అమెరికా వెళ్లి పరిశోధనలో పడ్డారు.

స్ప్రూ అంటే ఏమిటి? ఉష్ణదేశాల్లో వచ్చే ఈ జబ్బు చాలాసార్లు మామూలు విరేచనాలతోనే మొదలవుతుంది. తర్వాత ఆగదు. చిన్నపేగులో మామూలుగా బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంటుంది. ఈ జబ్బులో అక్కడ అవి మితిమీరి పెరుగుతాయి. పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటబట్టదు. మనిషి చిక్కిపోతాడు, రక్తహీనత వస్తుంది, నాలుక పూస్తుంది. 1960లలో తమిళనాడులోని ఉత్తర ఆర్కాటు గ్రామాల్లో ఇది ఊళ్లకు ఊళ్లనే పట్టుకుంటే వేలూరు సీఎంసీ వైద్యులు అధ్యయనం చేశారు. అంటే పేగు బ్యాక్టీరియా తారుమారు కావడమన్నది నిన్నమొన్నటి ఫ్యాషన్‌ మాట కాదు. మన పక్క ఊళ్లలో ప్రాణాలు తీసిన సంగతి.

దీనికి ఇప్పుడు వైద్యం ఉంది. ఫోలిక్‌ ఆమ్లం, దాంతోపాటు టెట్రాసైక్లిన్‌ అనే యాంటీబయాటిక్‌. మూడు నుంచి ఆరు నెలలు వాడాలి. ఫోలిక్‌ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది లెడర్లీ సంస్థలో సుబ్బారావు నడిపిన బృందమే. టెట్రాసైక్లిన్‌ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్‌ డగ్గర్‌ కనిపెట్టింది కూడా ఆయన పర్యవేక్షణలోని ఆ ప్రయోగశాలలోనే. అది 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. తన ఇంట్లో మనిషిని తీసుకుపోయిన పేగు జబ్బుకు కావాల్సిన రెండు మందులూ ఆయన బృందం చేతుల మీదుగానే వచ్చాయి.

కాబట్టి ప్రశ్న యాంటీబయాటిక్‌ మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నది. మలంలో రక్తం పడుతున్నా, జ్వరం తీవ్రంగా ఉన్నా, కలరా అనుమానం ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకైనా అది అవసరం కావొచ్చు. ఆ తీర్పు చెప్పాల్సింది డాక్టరు. మందుల షాపు కౌంటర్‌ కాదు.

మొదటి రెండు రోజులు ఏం చేయాలి?

విరేచనాల్లో మనిషిని చంపేది ఎక్కువగా క్రిమి కాదు, ఒంట్లో నీరూ లవణాలూ పోవడం. 1971లో బంగ్లాదేశ్‌ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలితే, సెలైన్‌ సీసాలు అయిపోయిన స్థితిలో డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి తాగించారు. దాంతో మరణాలు బాగా తగ్గాయి. అదే మనం ఇప్పుడు ఓఆర్‌ఎస్‌ అంటున్నది.

ఒక పెద్ద ఓఆర్‌ఎస్‌ పొట్లాన్ని సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. గ్లాసుడు నీళ్లలో సగం పొట్లం వేయడం, రుచి కోసం చక్కెర కలపడం రెండూ తప్పే. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. వాంతులుంటే చెంచా చెంచాగా పట్టాలి. పిల్లలకు దీంతోపాటు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవారికి 10, పది నుంచి పద్నాలుగు రోజులు. విరేచనాలు ఆగినా జింకు ఆపకూడదు. తల్లిపాలు ఎట్టి పరిస్థితుల్లోనూ మానిపించకూడదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఓఆర్‌ఎస్‌ అన్న పేరు పెట్టుకుని చక్కెర ఎక్కువగా ఉండే పానీయాలు అట్టపెట్టెల్లో చాలాకాలం అమ్ముడుపోయాయి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. దీనిమీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్‌ ఎనిమిదేళ్లు పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనట్టు రాసి ఉందో లేదో చూసి కొనండి.

తర్వాతి రెండు నెలలు

విరేచనాలు ఆగిన రోజునే బిర్యానీ తింటే పేగు ఒప్పుకోదు. అలాగని నెలంతా గంజితో గడపడమూ మంచిది కాదు. బ్యాక్టీరియా తిరిగి చేరాలంటే దానికి తిండి కావాలి.

మొదటి వారం మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, అరటిపండు, మజ్జిగ. పాలు పడకపోతే కంగారు పడొద్దు. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము పేగు పొర కొసల్లో తయారవుతుంది. ఆ పొర దెబ్బతిన్నప్పుడు కొన్ని వారాలపాటు పాలు అరగవు. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. కొన్ని వారాలు ఆగి కొంచెం కొంచెంగా పాలు మొదలుపెట్టి చూడండి. పసిపిల్లల విషయంలో మాత్రం డాక్టరును అడక్కుండా పాలు ఆపకండి.

రెండో వారం నుంచి పీచును మెల్లగా పెంచండి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయతో మొదలుపెట్టి ఆకుకూరలు, చిక్కుళ్లు, కందిపప్పు, తర్వాత జొన్నలు, సజ్జలు. ఒకేసారి ఎక్కువ తింటే ఉబ్బరం వస్తుంది. అది చూసి పీచునే మానేస్తారు. అక్కడే తప్పు చేస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2,000 కేలరీలు తినే మనిషి పళ్లెంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలి. బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములు చాలు. మన పళ్లెం చూడండి. కొండంత అన్నం, పక్కన చెంచాడు కూర. మన ఒంటికి అన్నం అందుతోంది. బ్యాక్టీరియా మాత్రం పస్తులుంటోంది.

కారం సంగతి. మిరప పండే నేలలో కారం తగ్గించమంటే ఎవరికైనా కష్టమే. కారం పేగు బ్యాక్టీరియాను చంపుతుందని కాదు గానీ, కోపంగా ఉన్న పేగు నరాలకు మిరపలోని క్యాప్సాయిసిన్‌ మంట పుట్టిస్తుంది. ఓ నెల, రెణ్నెల్లు గుంటూరు కారం పొడి నెయ్యి ముద్దకు సెలవివ్వండి. శాశ్వతంగా కాదు.

పెరుగు, మజ్జిగ, చద్దన్నం మన పెద్దలు పెట్టి వెళ్లిన ఆస్తి. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌ పరిశోధకులు 36 మందిని రెండు బృందాలుగా చేసి, ఒక బృందానికి పది వారాలు పులియబెట్టిన ఆహారం ఎక్కువగా ఇచ్చారు. వాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి. అయితే ఇడ్లీ పిండి పులిసినా, ఉడికేసరికి అందులోని బ్యాక్టీరియా చనిపోతుంది. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది, అంతవరకే. బతికున్న బ్యాక్టీరియా కావాలంటే ఇంట్లో తోడుపెట్టిన పెరుగే దారి. చద్దన్నానికి వాడే నీళ్లు శుభ్రమైనవి కాకపోతే మాత్రం మేలు కంటే కీడే ఎక్కువ.

డబ్బు పెట్టి కొనే పొరపాట్లు

మొదటిది, ప్రోబయాటిక్‌ క్యాప్సూల్స్‌. యాంటీబయాటిక్‌ రాసిన ప్రతిసారీ పక్కన ఇదీ ఒకటి కొంటున్నాం. యాంటీబయాటిక్‌ వల్ల వచ్చే విరేచనాలను కొన్ని ప్రత్యేక రకాలు తగ్గిస్తాయనడానికి ఆధారాలున్నాయి. అయితే వైజ్‌మన్‌ సంస్థ 2018లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో, యాంటీబయాటిక్స్‌ తర్వాత నాలుగు వారాలు ప్రోబయాటిక్స్‌ వాడినవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి చేరడం, ఏమీ వాడనివారికంటే ఆలస్యమైంది. పైనుంచి వచ్చిన అతిథులు గది ఆక్రమించుకుంటే ఇంటివాళ్లు బయటే ఉండిపోయారన్నమాట. కాబట్టి అందరూ, అన్నిసార్లూ వాడాల్సిన పనిలేదు. డాక్టరు ఒక కారణంతో రాస్తే వాడండి.

రెండోది, పరగడుపున గ్యాస్‌ మాత్ర. ఒమెప్రజోల్‌, పాంటోప్రజోల్‌ లాంటివి అల్సరుకూ, తీవ్రమైన ఆమ్ల బాధకూ మంచి మందులే. కానీ కడుపులోని ఆమ్లం ఊరికే లేదు. నోటి ద్వారా వచ్చే క్రిములకు అది మొదటి చెక్‌పోస్టు. ఏళ్ల తరబడి ఆ మాత్రలు వేసుకుంటే చెక్‌పోస్టు తీసేసినట్టే. పేగు ఇన్‌ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది, బ్యాక్టీరియా సమతుల్యం మారుతుంది. ‘ఎన్నేళ్ల క్రితం మొదలుపెట్టానో గుర్తులేదు’ అనే పరిస్థితి మీదైతే, ఈ వారమే డాక్టరును అడగండి. ఉన్నట్టుండి మీ అంతట మీరు ఆపకండి.

మూడోది, ఇంటికి వచ్చి మలం నమూనా తీసుకెళ్లి మీ పేగు బ్యాక్టీరియా జాతకం చెబుతామనే పరీక్షలు. వేలల్లో ఖర్చు. శాస్త్రవేత్తల పరిశోధనకు అవి పనికొస్తాయి గానీ, ఒక మనిషికి ఏ మందు ఇవ్వాలో తేల్చే స్థాయికి ఇంకా రాలేదు. ఆరోగ్యకరమైన బ్యాక్టీరియా జాబితా ఇదీ అని అందరూ ఒప్పుకొన్న కొలబద్దే లేదు.

ఐబీఎస్‌ అనుకుని కూర్చోకూడని లక్షణాలు

అన్నిటినీ పేగు కోపం మీద నెట్టేయకూడదు. మలంలో రక్తం, బరువు తగ్గిపోవడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత, విడవని జ్వరం, 45 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైన మార్పు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్‌ ఉండటం. వీటిలో ఏ ఒక్కటున్నా జీర్ణకోశ నిపుణులను కలవాలి. అప్పుడే విరేచనాలైన మనిషికి మూత్రం తగ్గిపోయినా, కళ్లు లోపలికి పోయినా, మత్తుగా పడి ఉన్నా ఇంట్లో గ్లాసులు కలుపుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముఖ్యంగా పిల్లలు, వృద్ధులు, గర్భిణుల విషయంలో.

కుళాయి దగ్గర మొదలుపెడదాం

చివరికి మాట మళ్లీ నీళ్ల దగ్గరికే వస్తుంది. పెరుగు, పీచు, ఓపిక అన్నీ పోయిన బ్యాక్టీరియాను తెచ్చుకునే మార్గాలు. అసలు పోకుండా చూసే మార్గం శుభ్రమైన నీళ్లు ఒక్కటే. తాగునీటి గొట్టం మురుగుకాలువను దాటే చోట చిన్న చిల్లు పడితే చాలు. సరఫరా ఆగిన వేళ మురుగు లోపలికి లాగేసుకుంటుంది. కుళాయి తిప్పగానే మొదటి బిందె మీ ఇంటికే వస్తుంది.

కుళాయి దగ్గర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్‌ మిగిలి ఉండాలని మన దేశ తాగునీటి ప్రమాణం చెబుతోంది. ట్యాంకు దగ్గర కలిపితే సరిపోదు, చివరి ఇంటి కుళాయిలో ఉండాలి. దాన్ని పరీక్షించడం నిమిషాల పని. నీళ్లలో రెండు చుక్కల రసాయనం వేస్తే క్లోరిన్‌ ఉంటే పసుపు రంగు వస్తుంది. మీ వీధిలో ఈ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో మీ వార్డు సచివాలయంలో అడగండి. ఒక్కరు అడిగితే సమాధానం రాకపోవచ్చు. వీధివాళ్లంతా కలిసి వెళ్తే వస్తుంది. రోగులు ఆసుపత్రికి చేరాక పెట్టే శిబిరం కంటే వానలకు ముందు మూసిన ఒక్క చిల్లు విలువైనది.

నీళ్ల రంగు మారినా, వాసన వచ్చినా ఆ రోజు నుంచే కాచి తాగండి. బుడగలు గట్టిగా పొంగే దాకా మరగనిచ్చి, ఆపై ఒక నిమిషం ఉంచితే చాలు. ఆర్వో క్యాన్‌ తెచ్చుకున్నా, చేత్తో గ్లాసు ముంచి తీస్తే అది వట్టిదే. కాడ ఉన్న గరిటె వాడండి.

ఇంకొక పని మిగిలింది. ఇవాళ మీ ఇంట్లో మందుల డబ్బా తెరవండి. ఎప్పటివో సగం వాడిన యాంటీబయాటిక్‌ మాత్రలు కనిపిస్తే తీసేయండి. ఆ ఖాళీ చోట రెండు ఓఆర్‌ఎస్‌ పొట్లాలు పెట్టండి. వచ్చే వానాకాలంలో మీ పేగులు మీకు రుణపడి ఉంటాయి.